నల్ల గొర్రె బొచ్చు గొంగడి: నాలుగు వేలు పెట్టొచ్చా?

ముందే చెప్తున్న, ఇది మెత్తగ ఉండదు. మెత్తటి దుప్పటి కావాలంటే చదువుడు ఇక్కడికే ఆపి ఏదన్న షాపుకు పోయి మింక్ బ్లాంకెట్ తెచ్చుకోండి, వెయ్యి రూపాయలకు వస్తది, దాని మీద పులి బొమ్మ గూడ ఉంటది. గొంగడి గీసుకుంటది, వాసనొస్తది, బరువుంటది, వాషింగ్ మిషన్‌ల వేయరాదు, ఆర్డర్ ఇచ్చినంక ఎప్పుడొస్తదో నేసేటోళ్లకు గూడ సరిగ్గ తెల్వదు. ఇన్ని తెలిసి గూడ ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తున్న. ఎందుకిచ్చిన్నో, ఒకటి ఎందుకు కోసిన్నో చెప్తా, జర పొడుగైతది.

కొన్నది కొమురవెల్లి దిక్కు ఒక ఊర్ల, కురుమోళ్ల (గొర్లు కాసే కులం) ఇంట్ల. కొమురవెల్లి ఇప్పుడు సిద్దిపేట జిల్లా అయింది గని 2016 దాక వరంగల్ జిల్లానే, కాబట్టి మా వరంగల్ దిక్కుదే అనుకోండి. ఆ ఇంట్ల కొడుకు గొర్లు కాస్తడు, అవ్వ వడుకుతది, తాత నేస్తడు. అంటే గొర్రె కాంచి గొంగడి దాక ఒక్క ఇంట్లనే. ఇట్లాంటి ఇండ్లు ఇప్పుడు తక్కువైనయి, చాన ఊర్లల్ల మగ్గం గుంట పూడ్చి మీద బైకు పెట్టుకుంటున్నరు. వాళ్ల పేరు, నంబర్ ఇక్కడ పెడ్తలేను, వాళ్లే వద్దన్నరు. ఉన్న బొచ్చుకు నాలుగైదు గొంగళ్లు వస్తయి, నలభై మంది ఫోన్లు చేస్తె ఏం జెప్పాలె బిడ్డా అన్నది అవ్వ. పాయింటే.

రేటు నాలుగు వేలు. బేరం ఆడలే. ఆడితే తగ్గించెటోళ్లేమో, తెల్వదు, కానీ అవ్వ చేతులు చూసినంక నోరు రాలే. పొడుగు ఆరడుగుల మనిషికి నెత్తి మీదికి టోపిలెక్క మడిచి కొప్పు పెట్టుకున్నా మోకాళ్ల కిందికి వస్తది, పండుకుంటె ఇద్దరికి సరిపోతది, ఇద్దరు కొట్లాడుకోకుంటె. బరువు రెండున్నర కిలోల పైనే. రంగు వెయ్యలే, గొర్రె రంగే, దూరం కెళ్లి నలుపు, ఎండల పట్టుకుంటె లోపల గోధుమ రంగు మెరుస్తది. అంచుకు తెల్ల గీత, అది తెల్ల మచ్చ గొర్రె బొచ్చు. ఆ గీత ఒక్కటే డిజైను. నాకైతె అంతకంటె ఎక్కువ వద్దు.

కొత్త గొంగడి గట్టిగ అట్టలెక్క ఉంటది, దానికి భయపడొద్దు. పడుగు నూలుకు, అంటె మగ్గం మీద పొడుగ్గ సాగదీసే దారాలకు, చింతగింజల గంజి పెడ్తరు. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, దంచి, ఉడకబెట్టి, ఆ గంజిని నూలుకు కుంచెతోని పట్టిచ్చి వాడకట్టు పొడుగూత ఎండకు ఆరబెడ్తరు. గంజి లేకుంటె ఉన్ని నూలు మగ్గం మీద రాపిడికి తెగిపోతది, దారం మీద బొచ్చు లేచి ఒకదానికొకటి అల్లుకపోతది. వాడంగ వాడంగ ఆ గంజి పోయి గొంగడి మెత్తవడ్తది. మొదటి నెల నేను దాన్ని కప్పుకోలే, కింద పరుచుకొని పండుకున్న. తర్వాత కాటన్ దుప్పటి లోపల, గొంగడి పైన. ఇగ మళ్లొచ్చిన చలికాలం సగమయ్యేసరికి దుప్పటి గూడ తీసేసిన.

గీసుకునుడు గురించి చెప్పాలె, ఎందుకంటె అందరు అడిగేది అదే. మెరినో స్వెటర్లకు వాడే వెంట్రుక 24 మైక్రాన్ల (మైక్రాన్ అంటె మిల్లీమీటరుల వెయ్యో వంతు) లోపు ఉంటది, అంత సన్నగ ఉంటె తోలుకు తాకినా వంగిపోతది, గుచ్చుకోదు. మన దక్కనీ నల్ల గొర్రె వెంట్రుక దానికంటె చాన దొడ్డుది, మధ్యల మధ్యల ఇంక దొడ్డు వెంట్రుకలు గూడ కలిసి ఉంటయి. వంగదు, గుచ్చుకుంటది. కానీ ఆ దొడ్డు వెంట్రుకే గొంగడికి బలం. సన్న ఉన్నితోని ఇట్లాంటి వస్తువు నేస్తె రాళ్ల మీద, ముళ్ల మీద పరుచుకునే కాపరి దగ్గర ఒక్క ఏడాది నిలవదు. మా బాపు పొలం కాడ వాడే పాత గొంగడి మేం బడికి పోయే నాటిది, అంచులు పోయినయి గని నడుమ ఇంక గట్టిగనే ఉన్నది. గొంగట్ల తినుకుంట వెంట్రుకలు ఏరినట్టు అంటరు గదా, గొంగడి కొని గుచ్చుకుంటుంది అనుడు గూడ గట్లనే. పసిపిల్లలకు, తోలు మీద గజ్జి గిట్ల ఉన్నోళ్లకు మాత్రం నిజంగనే వద్దు, డైరెక్ట్ కప్పొద్దు.

వాసన: కొత్తగ ఉన్నప్పుడు గొర్రె వాసనే. ఉన్నికి ఉండే కొవ్వు పూర్తిగ పోదు, ఆ కొవ్వే వాన చినుకును ఆపేది. మా ఇంటామె మొదటి వారం దాన్ని బాల్కనీల ఉంచింది, రెండు మూడు దినాలు ఎండకు, గాలికి వేస్తె చానవరకు తగ్గుతది. వానల తడిస్తె మళ్లొస్తది, ఆ రోజు ఇంటికి చుట్టాలు రాకుంటె మంచిది.

వాన టెస్టు నేను చేయలే, మా బాపు చేసిండు. మొన్న వానాకాలం మోటరు కాడికి పోయి వచ్చేటప్పుడు దొరికిపోయిండు, కొప్పు పెట్టుకొని నడుచుకుంట వచ్చిండు, సన్న వానకు అరగంట దాక లోపలికి నీళ్లు రాలే, చినుకు పైనుంచి జారిపోయింది. జడివాన అయితె ఆగదు, నానుతది, నానితె మోసుడు కష్టం. కానీ నానినా వెచ్చగుంటది, ఇది ప్లాస్టిక్ కోటు ఇయ్యలేని సుఖం. ఉన్ని తన బరువుల ముప్పై శాతం దాక తేమ పీల్చుకున్నా మనకు తడి అనిపియ్యదు, పీల్చుకునేటప్పుడు కొంచెం వేడి గూడ పుట్టిస్తది, గందుకే మంచుల పండుకునే కాపరులు రెయిన్‌కోటు ఉన్నా గొంగడి ఇడువరు. ఎండాకాలం గూడ నెత్తి మీద వేసుకుంటరు, చూసేటోళ్లకు పిచ్చి అనిపిస్తది గని ఎండ లోపలికి దిగదు. ఇంకోటి, ఉన్ని తొందరగ అంటుకోదు. చలి మంట పక్కన కూసున్నప్పుడు నిప్పురవ్వ పడితె చిన్న మచ్చ పడి ఆరిపోతది, అదే పాలియెస్టర్ బ్లాంకెట్ అయితె బొక్క పడి కరిగి తోలుకు అతుకుతది. గొంగడి మీద పండుకుంటె పాము రాదు, తేలు రాదు అని తాత మస్తు నమ్మకంగ చెప్పిండు. దానికి నేను స్టార్ ఇయ్యలేను, టెస్ట్ చేసే ధైర్యం లేదు.

ఇగ అసలు సంగతి, నాలుగు వేలు ఎందుకు?

ఒక నల్ల గొర్రెను ఒకసారి కోస్తె అర కిలో బొచ్చు గూడ రాదు. ఏడాదికి రెండు కోతలు. కోసే ముందు గొర్లను చెరువులనో కుంటలనో కడుగుతరు, ఆరినంక పెద్ద కత్తెరతోని కోస్తరు. అందుల మట్టి, గడ్డి ముళ్లు, పేడ పోంగ మిగిలేది ఇంక తక్కువ. లెక్క వేసుకోండి, రెండున్నర కిలోల గొంగడికి పది గొర్లకు పైనే బొచ్చు కావాలె. దాన్ని ముళ్లు ఏరాలె, ఏకాలె (చిక్కు తీసి విడదీయాలె), వడుకాలె. వడికే పని మొత్తం ఆడోళ్లదే, అవ్వకు ఒక్క గొంగడి నూలుకు వారాలు పడతది, మధ్యల వంట, కూలి, మనవలు. నేసుడు తాత నాలుగైదు రోజులల్ల అయిపోగొడ్తడు. కానీ గొంగడి నేసినోడు అని పేరు తాతకే వస్తది. నాకు ఇది ఎప్పుడు నచ్చదు. కొనేటప్పుడు పైసలు అవ్వ చేతికి ఇచ్చిన, తాత నవ్విండు, ఏమనలే.

ఇప్పుడు ఒక చిత్రమైన విషయం. 2019 పశుగణన ప్రకారం గొర్లల్ల దేశంలనే తెలంగాణ ఫస్ట్, 1.91 కోట్ల గొర్లు, దేశం మొత్తం 7.43 కోట్లు ఉంటె అందుల నాలుగో వంతు మనదే. గిన్ని గొర్లున్న రాష్ట్రంల గొంగడికి బొచ్చు దొరుకుతలేదు. ఎందుకంటె అందుల చానవరకు బొచ్చు గొర్లు కావు. నెల్లూరు జాతి, మనోళ్లు ఎర్ర గొర్రె అనేది, పొడుగు కాళ్లది, దాని ఒంటి మీద వెంట్రుక తప్ప ఉన్ని ఉండదు. మాంసానికి బాగ పెరుగుతది, కోసే పని లేదు, సంతల రేటు వస్తది. 2017 జూన్‌ల సర్కారు గొర్ల పంపిణీ స్కీం పెట్టింది, 20 గొర్లు ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్, అప్పుడు యూనిట్‌కు 1.25 లక్షలు, అందుల 75 శాతం సబ్సిడీ. పక్క రాష్ట్రాల కెళ్లి లారీలల్ల వచ్చినయి. వీళ్ల ఊరికి దిగినయన్నీ ఎర్రయేనట. మాకు ఇచ్చింది మంచిదే, కాదనం, కానీ గొంగడి పని మాత్రం ఆ లారీ ఎక్కి పోయింది అన్నడు తాత.

నల్ల గొర్రెను ఇడిసిపెట్టినోళ్లను తప్పు పట్టడానికి లేదు. ఆ ఇంటి కొడుకు దగ్గర మంద సగం నలుపు, సగం ఎరుపు. నల్ల గొర్రె ఎందుకు ఉంచుకున్నవ్ అని అడిగితె చెప్పిండు: దూరం నడుస్తది, ఎండకాలం మేత లేకున్నా తట్టుకుంటది, చలికి పిల్లలు తక్కువ చస్తయి, మంద కదిలిపోయేటప్పుడు ఎర్రయి ముందే అలిసిపోతయి. కానీ సంతల మాంసం లెక్కనే రేటు, ఒంటి మీద బొచ్చుకు ఎవ్వడు రూపాయి ఎక్కువియ్యడు. పైగా దాన్ని కోపియ్యాలంటె కోసేటోనికి గొర్రెకింత అని ఇయ్యాలె, కోసిన బొచ్చు అమ్మితె ఆ కూలి గూడ ఎల్లదు. కోయకుంటె గొర్రెకు ఉక్క, గోమార్లు, తోలు రోగాలు. అంటే వాళ్లకు ఉన్ని ఇప్పుడు పంట కాదు, ఖర్చు. చాన మంది కోసి చెలకలనే పడేస్తున్నరట, కొందరు కాలవెడ్తున్నరు. ఒకప్పుడు జైళ్లకు, ఆస్పత్రులకు, పోలీసులకు మన దిక్కు కెళ్లి కంబళ్లు పోయేటియని తాత చెప్తడు, ఆ ఆర్డర్లు పోయినంక బొచ్చు కొనే సేటు గూడ ఊరికి వచ్చుడు మానేసిండట.

గొర్ల కాపరుల ఆదాయం ఎక్కడ కెళ్లి వస్తది అంటె గొర్రెపిల్లలు అమ్మితె వచ్చేది, ఇంకోటి మంద పెట్టినప్పుడు వచ్చేది. వరి కోసినంక రైతులు పొలంల రాత్రి మంద పెట్టిచ్చుకుంటరు, ఎరువుకు, దానికి పైసలో వడ్లో ఇస్తరు. ఇప్పుడు యాసంగి గూడ వరే అయ్యేసరికి పొలం ఖాళీగ ఉండే రోజులు తగ్గినయి, గుట్టలు గుట్టలు క్రషర్లకు పోయినయి, రింగురోడ్డు పక్కన ప్లాట్లు పడ్డయి, మేపుటానికి జాగ లేదు. కాపరి మందను పట్టుకొని దూరం పోతె, మగ్గం ముందు ఎవరు కూసుంటరు? గొంగడి మీద సబ్సిడీ ఇస్తె సరిపోతది అనేటోళ్లకు ఇది అర్థమైతలేదు. గొర్రెకు మేత లేంది గొంగడి లేదు.

నాకు ఈ కొనుగోలుల నచ్చింది ఇదే. నేనిచ్చిన నాలుగు వేలల్ల బొచ్చుకు గూడ లెక్క ఉంది. తాత వాళ్ల ఇంటి మంద బొచ్చు సరిపోక, ఊర్ల ఇంక ఇద్దరి దగ్గర నల్ల బొచ్చు కొంటడు, కోత కూలికి మీద కొంచెం మిగిలేటట్టు ఇస్తడు. ఎంతో అంటె పెద్ద పైసలేం కావు. కానీ ఆ ఇద్దరు నల్ల పొట్టేలును అమ్మకుండ ఉంచుకున్నరు. చిన్న కాపరికి సాయం అంటె నా దృష్టిల ఇది, బొచ్చు కోసిన రోజు వాని చేతిల నాలుగు పైసలు మిగలాలె.

సిటీల గూడ నల్ల ఉన్ని సరుకు దొరుకుతుంది ఇప్పుడు. ల్యాప్‌టాప్ బ్యాగులు, యోగా ఆసనాలు, చెప్పులు, గోడకు తగిలిచ్చేటియి. హైదరాబాద్‌ల ఒక షాపుల చూసిన, పేరు వద్దు, గొంగడి ముక్క తోని కుట్టిన బ్యాగు నా మొత్తం గొంగడి రేటు కంటె ఎక్కువ. కుట్టు బాగుంది, జిప్పు బాగుంది, కాదనను. బొచ్చు ఎక్కడిది, ఎవరు వడికిండ్రు అని అడిగితె కౌంటర్ పిల్లకు తెల్వదు, పాపం ఆమె తప్పు కాదు, ట్యాగు మీద 'హ్యాండ్‌మేడ్' అని మాత్రం ఉంది. రేటు ఎక్కువైనా పర్వాలేదు, కాపరికి ఎంత పోయిందో చెప్పేటోళ్ల దగ్గర కొనండి, చెప్పకుంటె పోనియ్యండి.

జాతరల కొనేటోళ్లకు ఒక మాట. అయినవోలు మల్లన్న కాడ సంక్రాంతికి, కొమురవెల్లిల మూడు నెలల జాతరకు నల్ల దుప్పట్లు కుప్పలు పోసి గొంగళ్లని అమ్ముతరు, ఐదారు వందలకు. చాన మటుకు మిల్లు సరుకు, అక్రిలిక్. చలికి కప్పుకోడానికి పనికొస్తది, కానీ గొంగడి అని కొనకండి. టెస్ట్ చిన్నదే: అంచు కాడ ఒక పోగు లాగి అగ్గిపుల్లతోని అంటివ్వండి. ఉన్ని అయితె వెంట్రుక కాలిన కమురు వాసనొస్తది, మంట తీస్తె ఆరిపోతది, మిగిలిన నల్ల బూడిద వేళ్ల మధ్యల నలిపితె పొడైతది. అక్రిలిక్ అయితె ప్లాస్టిక్ లెక్క కరిగి చిన్న గట్టి గుండు అయితది, నలపరాదు. అమ్మేటాయన ఒప్పుకోకుంటె అక్కడికే జవాబు దొరికినట్టు. మన మీటింగులల్ల నాయకులకు స్టేజి మీద కప్పుతరు గదా గొంగడి, చేతికి కట్టె, చంకల గొర్రెపిల్ల, ఫొటో. ఆ గొంగళ్లకు గూడ ఒకసారి ఈ టెస్ట్ పెట్టాలని నా కోరిక. ఎవ్వరు పర్మిషన్ ఇయ్యరు.

ఉన్ని మన దగ్గర చిన్న విషయం కాదు అసలు. వరంగల్ తివాచీలు 1851ల లండన్ గ్రేట్ ఎగ్జిబిషన్ దాక పోయినయి. ఇప్పుడు వరంగల్ కొత్తవాడల నేసే దరీలకు 2018ల జీఐ ట్యాగ్ (ఆ ఊరి సరుకే అని సర్కారు గుర్తింపు) వచ్చింది, మంచిదే, మా ఇంట్ల గూడ రెండున్నయి, కానీ అవి ఎక్కువ కాటన్, జనపనార. ఉన్ని ఆ వాడ కెళ్లి ఎప్పుడో జారిపోయింది. ఉన్ని మీద పరిశోధన చేసే సంస్థ రాజస్థాన్ అవికానగర్‌ల ఉంది, ఉన్ని బోర్డు జోధ్‌పూర్‌ల ఉంది, అక్కడి గొర్రె వేరు మన గొర్రె వేరు. మనకు మామునూరుల వెటర్నరీ కాలేజీ పక్కనే ఉంది. బొచ్చు మిషన్‌తోని కోసుడు, ఏకే మిషన్ ఒకటి నాలుగు ఊర్లకు కలిపి పెట్టుడు, ఇట్లాంటియి అక్కడ కెళ్లి మొదలైతె బాగుండు అనిపిస్తది నాకు. అవ్వ కష్టంల సగం ఏకుడుకే పోతది, మిషన్ వస్తె చేతి పని విలువ పోతది అనేటోళ్లు ఒక్క పూట కూసొని ఏకి చూడాలె.

సరే, కోసిన స్టార్ గురించి. ఒకటి, ముళ్లు. గొర్రె మేసే కాడ గడ్డి ముళ్లు బొచ్చుకు పట్టుకుంటయి, ఎంత ఏరినా కొన్ని నూలుల కలిసి వస్తయి. నా గొంగడిల మొదటి నెల సన్న ముల్లు ముక్కలు తగిలినయి, నేను పట్టుకారతోని తీసిన. నాలుగు వేల వస్తువుల ఇది ఉండొద్దు. తాతకు చెప్పిన, కంటి చూపు తగ్గింది బిడ్డా అన్నడు, ఇగ ఏం మాట్లాడాలె. రెండు, కొలత. ఎంత పొడుగు, ఎంత వెడల్పు అని అడిగితె మూరలల్ల చెప్పిండు, ఆయన మూర ఆయనది. నా ఫ్రెండుకు తెచ్చింది నాదాని కంటె జానెడు చిన్నగుంది, రేటు అదే. మూడు, టైం. సంక్రాంతి లోపు ఇస్తమన్నరు, శివరాత్రి దాటినంక వచ్చింది. మధ్యల ఫోన్ చేస్తె కొడుకు మందతోని ఎక్కడో మంథని దిక్కు ఉన్నడట, సిగ్నల్ లేదు. కోపమొచ్చింది, దాచేదేం లేదు. అడ్వాన్స్ ఇచ్చి నెలలు ఆగుడు అందరితోని కాదు. చలికాలం అయిపోయినంక చలి దుప్పటి చేతికొస్తె ఇంట్ల నన్ను చూసి ఎట్ల నవ్విండ్రో మీరే ఊహించుకోండి.

మిగతా సర్వీసు మాత్రం బాగుంది. ఫోన్‌పే ఉంది. ఆర్టీసీ కార్గోల వేస్తె హనుమకొండ బస్టాండ్‌ల తీసుకున్న, యూరియా సంచిల పెట్టి సుతిలితోని కుట్టిండ్రు, పైన నా పేరు పెయింటుతోని రాసిండ్రు. ఏ కొరియర్ కంపెనీ అంత గట్టిగ ప్యాక్ చేయదు. బిల్లు లేదు, అడగొద్దు. అంచు ఒక కాడ ఊడితె రెండోసారి అటు పోయినప్పుడు అక్కడికక్కడే కుట్టిచ్చింది అవ్వ, పైసలు తీసుకోలే, చాయ్ తాగిపిచ్చి పంపింది. గ్యారంటీ కార్డు లేదు గని గొంగడి వాళ్లింటి పిల్ల లెక్క, పాడైతె పట్టుకరా అన్నడు తాత.

ఉతుకుడు విషయం. ఏడాదికి ఒక్కసారి చాలు, మిగతా టైం ఎండకు వేసి కట్టెతోని దులపండి. ఉతికితె చల్లటి నీళ్లు, కుంకుడుకాయ రసం. సబ్బు పొడి, సోడా వద్దు, ఉన్నిని తింటయి. బ్లీచింగ్ నీళ్లు అయితె అసలే వద్దు, ఉన్ని దాంట్ల కరిగిపోతది, నిజంగ. వేడి నీళ్లల్ల వేసి పిసికితె ముడుచుకొని చిన్నగైతది, మళ్ల సాగదు. పిండొద్దు, నీళ్లు కారేటట్టు మంచం మీద పరిచి నీడకు ఆరబెట్టండి. తడి పూర్తిగ పోకముందు మడతపెడితె బూజు పడతది. లోపల పెట్టేటప్పుడు ఎండిన వేపాకు వేయండి, ఉన్నిని తినే పురుగు ఒకటుంటది, చీకట్ల మడతలల్ల గుడ్లు పెడ్తది, గొంగడికి అసలు శత్రువు అదే. వాడే గొంగడిని పురుగు పట్టదు, బీరువల దాచిందే పోతది.

ఏకేటప్పుడు రాలిన పనికిరాని బొచ్చు ఒక సంచి ఉంటె అడిగి తెచ్చుకున్న, మిద్దె మీద కుండీలల్ల మట్టి కింద వేసిన. నీళ్లు పట్టుకుంటది, మెల్లగ కుళ్లుకుంట నత్రజని ఇస్తది. టమాట చెట్లు మస్తు లేసినయి. చెలకల పడేసే బొచ్చుకు ఇట్ల గూడ ఒక రేటు కట్టొచ్చేమో, మిద్దె తోటలు పెట్టినోళ్లు ఎంతమంది లేరు ఇప్పుడు.

ఎవరు కొనాలె అంటె: పొలం కాడ పండుకునేటోళ్లు, ఊర్ల మంచు పడే కాడ బయట మంచం వేసుకునేటోళ్లు, ట్రెక్కింగులకు పోయేటోళ్లు (బరువు చూసుకోండి), కింద కూసొని పూజ, ధ్యానం చేసుకునేటోళ్లు. ఏసీ బెడ్‌రూంల మెత్తటి పరుపు మీద కప్పుకోడానికైతె వద్దు, వారానికి బీరువకు పోతది. గుచ్చుకోవద్దు అంటె పిల్ల బొచ్చు గొంగడి అడగండి, గొర్రెపిల్లకు మొదటిసారి కోసిన బొచ్చు అది, సన్నగ మెత్తగ ఉంటది, రేటు దాదాపు డబుల్ చెప్పిండ్రు, బొచ్చు కూడేదాక ఆగాలె. నాలుగు వేలు పెట్టలేకుంటె ఆసనం ముక్క తీసుకోండి, ఐదారు వందలల్ల వస్తది, అదే బొచ్చు, అదే చేయి. పెండ్లికి గిఫ్ట్ ఇయ్యాలనుకుంటె ముందు వాళ్లకు చెప్పి ఇయ్యండి, మా తమ్ముడు ఒకనికి చెప్పకుండ ఇస్తె వాళ్లు కారు డిక్కీల పరుచుకున్నరు.

ఆర్డర్ ఇచ్చేదుంటె వానలు మొదలుగాక ముందే ఇయ్యండి. వాన పడితె పడుగుకు గంజి పెట్టి ఆరబెట్టుడు కాదు, మగ్గం గుంటల చెమ్మ ఊరుతది, పని ఆగుతది. కురుమోళ్లు ఉన్న ఊర్ల వాళ్ల దేవుడు బీరప్ప గుడి కాడికి పోయి నేసేటోళ్లు ఎవరన్న ఉన్నరా అని అడిగితె చూపిస్తరు. పోయినప్పుడు మూడు అడగండి: నల్ల గొర్రె బొచ్చేనా, ఎవరి మందది, వడికింది ఎవరు. కొలత మాత్రం టేపు పట్టుకపోయి మీరే పెట్టుకోండి.